లోర్‌కు లోబడి బ్యాలెన్సా, బ్యాలెన్స్‌కు లోబడి లోరా?

బరంపురం_వేషధారి (బరంపురం, గంజాం జిల్లా)

ఆన్‌లైన్ రోల్‌ప్లేయింగ్ ఆటల ఈ వేదికలో క్లాసుల (ఆటగాడు ఎన్నుకునే యోధుడు, మాంత్రికుడు వంటి పాత్రల) ప్రస్తావన వచ్చినప్పుడల్లా మాట చివరికి ఏ క్లాస్ ఎంత డ్యామేజీ ఇస్తుందన్న లెక్క చుట్టూనే తిరుగుతోంది. లెక్క అక్కర్లేదని నేను అనను. కాని ఒక ప్యాచ్ (ఆటను సవరించే అప్‌డేట్) వచ్చి ఒక క్లాస్ స్వభావాన్నే మార్చివేసినప్పుడు, ఆ క్లాస్‌ను ఇష్టపడి ఎన్నుకున్న ఆటగాడు పోగొట్టుకున్నది ఆ అంకెల్లో ఎక్కడా కనిపించదు. అందుకే దీన్ని విడిగా చర్చకు పెడుతున్నాను. లోర్ (ఆట ప్రపంచపు కథ) ఒక క్లాస్‌కు ఇచ్చిన రూపానికీ, బ్యాలెన్స్ (క్లాసుల బలాబలాల తూకం) కోరే సమానత్వానికీ పొసగనప్పుడు ఏది తలవంచాలి?

నా మట్టుకు నేను లోర్ పక్షం. మా ఊళ్లో రెండేళ్లకోసారి బుఢీ ఠాకురాణి జాతర జరుగుతుంది. మొక్కుకున్నవాళ్లు ఆ రోజుల్లో పులివేషం కడతారు. ఒళ్లంతా పసుప్పచ్చ రంగు పూసి, దాని మీద నల్లటి చారలు దిద్ది, వెనుక తోక కట్టుకొని డప్పుల వెంట వీధుల్లో తిరుగుతారు. రంగు ఆరేసరికి మనిషి నడక మారుతుంది, మెడ తిప్పే తీరు మారుతుంది, ఎదురుగా నిలబడిన చిన్నపిల్లలు నిజంగానే వెనక్కి జరుగుతారు. ఆటలో క్లాస్‌ను ఎన్నుకోవడం నాకు అలాంటిదే. వేషానికి ఒక కథ ఉంటుంది, ఆ కథలో ఒక బలమూ ఒక లోపమూ ఉంటాయి, రెండింటినీ కలిపే ఒంటికి ఎక్కించుకుంటాం.

2004 నవంబరులో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ మొదలైనప్పుడు తొమ్మిది క్లాసులు ఉండేవి. వాటిలో పాలడిన్ అలయన్స్ పక్షానికి మాత్రమే, షామన్ హోర్డ్ పక్షానికి మాత్రమే దక్కేవి. పవిత్ర జ్యోతిని నమ్ముకున్నవాళ్లు ఒకవైపు, ప్రకృతి శక్తులతో మాట్లాడేవాళ్లు మరోవైపు ఉండటం వల్ల రెండు పక్షాలవారూ రెండు రకాల యుద్ధం చేసేవారు. ఒక పక్షానికి పాలడిన్ ఆశీస్సులు, మరో పక్షానికి షామన్ టోటెములు ఉండగా ఒకే బాస్‌ను (గుంపుగా ఓడించవలసిన పెద్ద శత్రువును) ఇద్దరికీ న్యాయంగా తయారుచేయడం కష్టమైంది. 2007 జనవరిలో బర్నింగ్ క్రూసేడ్ అనే విస్తరణ వచ్చి రెండు క్లాసులనూ రెండు పక్షాలకూ పంచిపెట్టింది. కారణం నాకు అర్థమవుతుంది. అయినా ఆటలో ఆ రెండు పక్షాల మధ్య ఉన్న అతి పెద్ద తేడా ఆనాటితో చెరిగిపోయిందనే అంటాను.

మీరేమంటారో తెలుసుకోవాలని ఉంది. ఎవరు ఏ క్లాస్ ఆడతారో కూడా చెబితే మాట ఎక్కడి నుంచి వస్తోందో అందరికీ తెలుస్తుంది.

ధర్మాబాద్_కవచం (ధర్మాబాద్, నాందేడ్ జిల్లా)

వేషధారి గారూ, నేను ఏ ఆట మొదలుపెట్టినా ట్యాంక్‌నే (శత్రువు దెబ్బలు తన మీద వేసుకొని తోటివాళ్లను కాచే పాత్రనే) ఎన్నుకుంటాను. మీ మాట నాకు సగమే రుచించింది.

లోర్ పేరు చెప్పి ఒక క్లాస్‌ను బలహీనంగా వదిలేస్తే ఆ లోర్‌ను అనుభవించే అవకాశమే ఆటగాడికి ఉండదు. 1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్‌ను చూడండి. పాలడిన్, రేంజర్, షాడో నైట్, బార్డ్ వంటి క్లాసులకు కత్తీ వచ్చు, మంత్రమూ వచ్చు కనుక, లెవెల్ పెరగడానికి వాళ్లు మిగతావాళ్ల కంటే ఎక్కువ ఎక్స్‌పీరియన్స్ సంపాదించాలన్న నిబంధన పెట్టారు. రెండు విద్యలు నేర్చేవాడికి రెట్టింపు కాలం పడుతుందన్నది కథగా వింటే బాగానే ఉంటుంది. ఆటలో మాత్రం తోటివాళ్లు ముందుకు వెళ్లిపోతుంటే ఆ నలుగురూ వెనుకబడేవారు. ఆ నిబంధనను తరువాత తీసివేయవలసి వచ్చింది.

మీరు చెప్పిన వార్‌క్రాఫ్ట్ తొలినాళ్లలోనే పెద్ద రెయిడ్‌కు (గుంపుగా కలిసి బాస్‌ల మీదకు వెళ్లే దాడికి) నలభై మంది కావాలి. లోర్ ప్రకారం పాలడిన్ సుత్తి పట్టుకొని శత్రువు మీదకు దూకే ధర్మయోధుడు. రెయిడ్‌లో అతనికి దక్కిన పని వెనుక నిలబడి వైద్యం చేయడం, నిమిష నిమిషానికీ అందరికీ ఆశీస్సులు పంచడం. డ్రూయిడ్‌కు ఎలుగు రూపమూ, పులి రూపమూ కథ నిండా ఉన్నాయి. చాలా గిల్డులు (ఆటగాళ్ల సంఘాలు) వాటిని పక్కనబెట్టి వైద్యం చెయ్యమనేవి. అన్ని పనులూ తెలిసినవాడికి ఏ పనిలోనూ మొదటి స్థానం రాకూడదన్న బ్యాలెన్స్ సూత్రం అక్కడ పనిచేసింది. లోర్‌ను చంపింది సమానత్వమా, అసమానత్వమా? నా దృష్టిలో అసమానత్వమే.

మా దగ్గర ఆడేవాళ్లలో చాలామంది పగలంతా మిర్చి మార్కెట్‌లో నిలబడి రాత్రి ఒకటి రెండు గంటలు మాత్రమే ఆటకు కూర్చుంటారు. నీ క్లాస్ ఈ ప్యాచ్‌లో పనికిరాదు, వేరేవాడిని తీసుకుంటాం అని గ్రూపు నుంచి తప్పిస్తే, ఆ కుర్రవాడికి తన క్లాస్ లోర్ ఎంత గొప్పదైనా ఆ రాత్రికి ఏం ఒరుగుతుంది? నాకు కావలసింది, ఏ క్లాస్‌తో వచ్చినవాడికైనా తలుపు తెరిచి ఉండటం. ఆ కనీసం దక్కిన తరువాతే కథ గురించి మాట్లాడుకుందాం.

పర్లాకిమిడి_పాఠకురాలు (పర్లాకిమిడి, గజపతి జిల్లా)

ఇద్దరూ లోర్‌నూ బ్యాలెన్స్‌నూ ఎదురెదురుగా నిలబెట్టారు. పుట్టుకలో అవి రెండూ ఒకటే అన్న సంగతి ఇక్కడ ఎవరూ అనలేదు కనుక కొంచెం వెనక్కి వెళ్లి చెబుతాను.

1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ వెలువడినప్పుడు అందులో ఉన్న క్లాసులు మూడే: యోధుడు, మాంత్రికుడు, పూజారి. దొంగ క్లాస్ మరుసటి ఏడాది చేరింది. ఆ ఆటలో మాంత్రికుడు మొదటి లెవెల్‌లో అతి బలహీనుడు. కవచం లేదు, రోజుకు ఒక్క మంత్రం, ఒక్క కత్తిపోటుకు ప్రాణం పోతుంది. నెలల తరబడి స్నేహితుల చాటున బతికి బయటపడితే, చివరికి అతని ముందు యోధుడు నిలవలేడు. చదువుకు కాలం పడుతుంది, చదివినవాడికి చివర్లో ఫలం దక్కుతుంది అన్న కథే అక్కడ బ్యాలెన్స్. మొదట్లో పడిన కష్టమే తరువాతి బలానికి చెల్లించిన ధర.

ఆన్‌లైన్ ఆటల్లో ఆ బేరం తెగిపోయింది. గరిష్ఠ లెవెల్‌కు చేరిన తరువాతే అసలు ఆట మొదలవుతుందని అందరూ అనుకుంటారు. అక్కడికి అందరూ కొన్ని వారాల్లో చేరుకుంటారు, ఆపైన ఏళ్ల తరబడి అక్కడే ఉంటారు. మాంత్రికుడు చెల్లించిన ధర వారాల్లో తీరిపోయి, అతనికి దక్కే ఫలం ఏళ్ల తరబడి మిగిలిపోతే యోధుడు ఊరుకుంటాడా? ఊరుకోడు. అందువల్ల కాలం మీద నిలబడిన బ్యాలెన్స్‌ను తీసివేసి, అందరూ ఒకే క్షణంలో సమానంగా ఉండే బ్యాలెన్స్‌ను తెచ్చారు. కథ మాత్రం పాతదే మిగిలింది. ఇప్పుడు మనం చూస్తున్న చిక్కంతా అక్కడ మొదలైందని నా నమ్మకం.

వేషధారి గారు బర్నింగ్ క్రూసేడ్‌ను తప్పుపట్టారు. నాకు అది మంచి ఉదాహరణగానే కనిపిస్తుంది, ఎందుకంటే రచయితలు అక్కడ చేతులు దులుపుకోలేదు. హోర్డ్ పక్షాన కొత్తగా చేరిన బ్లడ్ ఎల్ఫుల జాతివాళ్లు పాలడిన్లు ఎలా అయ్యారు? మురూ అనే జ్యోతిర్మయ జీవిని బంధించి, దాని నుంచి జ్యోతిని బలవంతంగా పీల్చుకున్నారు. భక్తితో రావలసిన శక్తిని దొంగిలించి తెచ్చుకున్నారన్నమాట. 2008లో సన్‌వెల్ ప్యాచ్‌తో ఆ కథ ముగింపుకు వచ్చి, మురూలో మిగిలిన వెలుగుతోనే వాళ్ల పవిత్ర జలనిధి తిరిగి వెలిగింది. అప్పటి నుంచి వాళ్లకు జ్యోతి న్యాయంగా దక్కింది. ఒక బ్యాలెన్స్ అవసరం కోసం తీసుకున్న నిర్ణయం నుంచి ఒక జాతి పాపమూ, దాని పరిహారమూ పుట్టాయి. అటు అలయన్స్‌లో చేరిన డ్రెనైల జాతి వైపు, రూపం చెడి తనవాళ్ల నుంచి దూరమైన నోబుండో ప్రకృతి శక్తుల మాట విని షామన్ అయిన కథ ఉంది. ఇది లోర్ తలవంచడం అనిపించుకోదు.

తలవంచడం అంటే ఏమిటో చూడాలంటే స్టార్ వార్స్ గెలాక్సీస్ చరిత్ర చూడాలి. 2003లో వచ్చిన ఆ ఆటలో ముప్పై నాలుగు వృత్తులు ఉండేవి. కథ నడిచే కాలంలో జెడైలు (స్టార్ వార్స్ కథలోని అద్భుత శక్తులున్న యోధులు) దాదాపుగా నశించిపోయి ఉంటారు, అందుకే జెడై కావడం ఆటగాడికి అతి కష్టమైన, రహస్యమైన మార్గంగా ఉండేది. 2005 నవంబరులో ఆటను పూర్తిగా మార్చి, వృత్తులను తొమ్మిది క్లాసులకు కుదించి, జెడైని మొదటి రోజే ఎవరైనా ఎన్నుకోగల క్లాస్‌గా చేశారు. అంతరించిపోయినవాళ్లు వీధి వీధికీ కనిపించసాగారు. నర్తకులుగా, వైద్యులుగా, చేతిపనివాళ్లుగా ఏళ్లు గడిపినవాళ్లు చాలామంది వెళ్లిపోయారు. 2011 డిసెంబరులో ఆట మూతపడింది. అక్కడ కథను ఎవరూ తిరగరాయలేదు, దాన్ని పట్టించుకోవడం మానేశారంతే.

నేను ఫైనల్ ఫాంటసీ పద్నాలుగులో స్కాలర్ (వైద్యం చేసే క్లాస్) ఆడతాను, కథ కోసమే ఆడతాను.

సిరొంచ_గోదావరి (సిరొంచ, గడ్చిరోలి జిల్లా)

అందరూ పెద్ద పెద్ద ఆటల గురించి రాస్తున్నారు. మా వైపు చాలామంది ఫోన్‌లోనే ఆడతారు, పింగ్ (సర్వర్‌కు మాట వెళ్లి తిరిగి రావడానికి పట్టే మిల్లీసెకన్లు) నూట యాభై దాటకపోతే మంచి రోజు కిందే లెక్క. ఆట తయారుచేసినవాళ్లు ఒక క్లాస్ బలాన్ని కొలిచేది తమ సర్వర్ పక్కన కూర్చొని. ఆ కొలత ప్రాణహిత ఒడ్డుకు వచ్చేసరికి మారిపోతుంది.

నేను అల్బియన్ ఆన్‌లైన్ ఆడతాను. అందులో క్లాసులే లేవు. ఏ ఆయుధం పట్టుకుంటే, ఏ కవచం తొడుక్కుంటే అదే నీ క్లాస్. 2021లో అది ఫోన్‌కు వచ్చింది, 2023 మార్చిలో ఆసియా సర్వర్ మొదలైంది. సర్వర్ దగ్గరకు వచ్చిన తరువాత, అంతకుముందు నా చేతిలో పనికిరాదనుకున్న ఆయుధాలు ఒక్కసారిగా పనికొచ్చాయి. ఎవరూ వాటిని బఫ్ చేయలేదు (బలం పెంచలేదు), దూరం తగ్గిందంతే. లోర్ సంగతికొస్తే ఆ ఆటలో అది పలుచన. నాకు లోటు అనిపించదు. నల్లజోన్‌లో (ఎవరైనా ఎవరినైనా చంపగల ప్రాంతంలో) చచ్చిపోతే ఒంటి మీద ఉన్నదంతా పోతుంది, ఆ భయం నుంచి ప్రతి గిల్డుకూ సొంత కథలు పుడతాయి. ఫలానా గిల్డు ఫలానా రాత్రి మోసం చేసిందన్న మాట మా వాళ్లకు ఏ రాజవంశ చరిత్ర కంటే బాగా గుర్తుంటుంది.

గుణుపురం_వైద్యుడు (గుణుపురం, రాయగడ జిల్లా)

పాఠకురాలు అక్కా, మీరు స్కాలర్ అని చెప్పగానే నాకు ఉత్సాహం వచ్చింది. నేను వైట్ మేజ్. చర్చ ఇప్పటిదాకా కొట్టేవాళ్ల గురించే నడిచింది కనుక, వైద్యం చేసేవాళ్ల వైపు నుంచి రెండు మాటలు.

హీలర్ కళ్లకు ఆట వేరుగా కనిపిస్తుంది. నేను బాస్ ముఖం సరిగా చూసిన రాత్రులు తక్కువ. తెర ఎడమవైపు ఎనిమిది పేర్లు, వాళ్ల ప్రాణం ఎంత మిగిలిందో చూపే ఎనిమిది గీతలు. బాస్ చెయ్యెత్తగానే గీతలన్నీ ఒకేసారి సగానికి పడిపోతాయి. ఆ క్షణంలో నా వేలు అందరికీ వైద్యం చేసే మంత్రం మీద ఉంటుంది గాని నొక్కకూడదు, ఎందుకంటే ట్యాంక్ మీదకు మరో దెబ్బ రాబోతోందని నాకు తెలుసు. ముందు అతన్ని నిలబెట్టాలి. మిగతా ఏడుగురూ సగం ప్రాణంతో రెండున్నర సెకన్లు ఆగాలి. ఆ రెండున్నర సెకన్లు నన్ను నమ్మి కదలకుండా నిలబడే తోటివాళ్లుంటే, దాన్ని మించిన లోర్ నాకు అక్కర్లేదు.

2012లో గిల్డ్ వార్స్ రెండు వచ్చినప్పుడు ట్యాంక్, హీలర్, డ్యామేజీ అనే మూడు స్తంభాలను తీసేస్తున్నామన్నారు. ప్రతి క్లాస్‌కూ సొంత వైద్యం ఒకటి ఇచ్చారు, పడిపోయినవాడిని ఎవరైనా లేపవచ్చు. హీలర్ దొరకలేదని గంటల తరబడి ఎదురుచూసే బాధ పోయింది, అది నిజంగా పెద్ద మేలు. కాని ఎవరికి వాళ్లే బతకగలిగినప్పుడు ఒకరి కోసం ఒకరు నిలబడవలసిన అవసరం కూడా తగ్గింది. 2015లో హార్ట్ ఆఫ్ థార్న్స్ వచ్చి, రెయిడ్లు మొదలై, రేంజర్‌కు డ్రూయిడ్ మార్గం ఇచ్చి, వైద్యం చేసే పాత్రను తిరిగి తెచ్చారు. మూడేళ్ల తరువాత ఆ స్తంభం మళ్లీ కావలసి వచ్చింది.

కవచం గారు అన్న తెరిచిన తలుపు మాటను నేను పూర్తిగా సమర్థిస్తాను. దానికి ఒక షరతు కలుపుతాను: ఆ తలుపులోంచి వచ్చినవాడికి లోపల వాడు మాత్రమే చేయగల పని ఒకటి ఉండాలి. అందరూ అన్నీ చేయగలిగితే వాడిని పిలిచేదెందుకు?

జయపురం_మాంత్రికుడు (జయపురం, కొరాపుట్ జిల్లా)

నాకు ఈ చర్చలో అందరి మాటల్లోనూ ఒక లోటు కనిపిస్తోంది. బలాన్ని తగ్గించడం అంటే అంకెను తగ్గించడమేనని అనుకుంటున్నారు. నూరు డ్యామేజీ ఉన్నదాన్ని ఎనభై చేస్తే నెర్ఫ్, నూట ఇరవై చేస్తే బఫ్. అంకెను కదిలించకుండా షరతును కదిలించే దారి ఒకటి ఉంది, అది మనకు భారతకథ నుంచి బాగా తెలిసినదే.

ఇంద్రుడు కర్ణుడి కవచకుండలాలు తీసుకొని బదులుగా శక్తి ఆయుధం ఇచ్చాడు. అది తగిలితే ఎవరూ మిగలరు, కాని ఒక్కసారే వాడాలి. కర్ణుడు దాన్ని అర్జునుడి కోసం దాచుకున్నాడు. కృష్ణుడు ఆ ఆయుధం బలాన్ని తగ్గించే ప్రయత్నమే చేయలేదు. రాత్రియుద్ధంలో ఘటోత్కచుణ్ణి కర్ణుడి మీదకు పంపి, కౌరవసేన మొత్తం హాహాకారాలు చేసే స్థితి తెచ్చి, ఆ ఆయుధం అక్కడే ఖర్చయ్యేలా చూశాడు. ఆయుధం పూర్తి బలంతోనే పేలింది. అర్జునుడు మాత్రం బతికాడు.

ఆటలో ఇది రోజూ జరిగే విషయమే. వార్‌క్రాఫ్ట్ అరీనాలో బంధనాలన్నింటినీ తెంచే పీవీపీ (ఆటగాళ్ల మధ్య పోరు) ట్రింకెట్ రెండు నిమిషాలకోసారి మాత్రమే వాడవచ్చు. మంచి ఆటగాడు ఎదుటివాడిని చిన్న ప్రమాదంలో పెట్టి ముందుగా దాన్ని ఖర్చు పెట్టిస్తాడు, అసలు దెబ్బ ఆ తరువాత కొడతాడు. ఆ రెండు నిమిషాల షరతు ఉన్నంతకాలం ట్రింకెట్ ఎంత బలమైనదైనా ఎవరికీ అభ్యంతరం లేదు. ఇవ్వదలచినప్పుడు ఘనంగా ఇవ్వండి, దాన్ని ఎప్పుడు వాడాలన్న చింతను కూడా దానితోపాటే ఇవ్వండి. అప్పుడు మాంత్రికుడు మాంత్రికుడిగానే ఉంటాడు, యోధుడికీ అన్యాయం జరగదు. క్లాస్‌ను సమం చేసేందుకు దాని కథలోంచే షరతు తీయవచ్చు. శాపం, వ్రతం, గురువు పెట్టిన నియమం, ఇవన్నీ ఎందుకున్నాయి మరి?

నేను ఎక్కడ ఆడినా మేజ్‌నే. ఈ మాట పక్షపాతం అనుకున్నా నాకు అభ్యంతరం లేదు.

ధర్మాబాద్_కవచం

మాంత్రికుడు గారూ, షరతు మాట చాలా బాగుంది. దాన్ని నేను కాదనలేను. అయితే షరతు పీవీపీలో పనిచేసినంతగా రెయిడ్‌లో పనిచేయదు. ఘటోత్కచుణ్ణి పంపడానికి ఎదుట ఆలోచించే మనిషి ఉండాలి. బాస్ ఆలోచించడు. వారం తరువాత వారం అదే క్రమంలో అవే దెబ్బలు కొడతాడు. రెండు నిమిషాలకోసారి వాడగలిగే మంత్రాన్ని సరిగ్గా ఏ క్షణంలో వాడాలో మూడో వారానికి అందరికీ కంఠతా వచ్చేస్తుంది, ఆ తరువాత షరతు అనేది పేరుకే మిగులుతుంది.

దానికితోడు కథ గొప్పగా ఉన్న క్లాస్‌కు అంకెల్లో కూడా మొగ్గు దక్కే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. 2008 నవంబరులో వార్‌క్రాఫ్ట్‌లో డెత్ నైట్ క్లాస్ వచ్చింది. లిచ్ కింగ్ అనే దుష్టరాజు చేతిలో బానిసలుగా ఉండి, లైట్స్ హోప్ చాపెల్ దగ్గర జరిగిన యుద్ధంలో విముక్తులైన యోధులు. ఆ ప్రారంభ కథ ఆడినవాళ్లెవరూ మరచిపోలేరు, నేనూ మరచిపోలేదు. యాభై అయిదో లెవెల్ నుంచే మొదలవుతాడు, మూడు మార్గాల్లో ఏ మార్గంలోనైనా ట్యాంక్ చేయగలడు. తొలి నెలల్లో పీవీపీలో అతని ముందు నిలబడటం ఎంత కష్టమో ఆనాటి ఆటగాళ్లందరికీ తెలుసు. వీరుడి క్లాస్ అని పేరు పెట్టినందుకు వీరుడిలా ఉండాలని చేసినట్లుంది. మిగతావాళ్లు వీరులు కారా? తరువాత ప్యాచ్ వెంట ప్యాచ్‌గా తగ్గించారు, 2010లో వచ్చిన కాటక్లిజమ్‌తో ట్యాంక్ పనిని బ్లడ్ మార్గానికే పరిమితం చేశారు. మొదటే కొలిచి ఇచ్చి ఉంటే అన్నిసార్లు తగ్గించవలసిన పని ఉండేది కాదు.

బల్లార్షా_విలుకాడు (బల్లార్షా, చంద్రపూర్ జిల్లా)

అసలు ఈ నిర్ణయం ఎవరు తీసుకోవాలన్నది కూడా తేల్చాలి కదా. ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్‌లో కొత్తగా ఏది చేర్చాలన్నా ఆటగాళ్ల ఓటు అడుగుతారు. మొదట 75 శాతం మంది ఒప్పుకోవాలన్న నియమం ఉండేది, 2022లో దాన్ని 70కి తగ్గించారు. ఆ ఆట పుట్టుకే అలాంటిది. 2012 నవంబరులో అసలు రూన్‌స్కేప్‌లో యుద్ధపద్ధతిని మొత్తం మార్చారు, చాలామంది అలిగి వెళ్లిపోయారు, 2013 ఫిబ్రవరిలో 2007 నాటి రూపాన్ని మళ్లీ తెరవవలసి వచ్చింది.

అందులోనూ క్లాసులు లేవు. కత్తి విల్లును గెలుస్తుంది, విల్లు మంత్రాన్ని గెలుస్తుంది, మంత్రం కత్తిని గెలుస్తుంది. ఇంత చిన్న త్రికోణంతో ఇన్నేళ్లు నడిచింది. నేను విల్లు. మాంత్రికుడు గారు ఎదురైతే నాకు సంతోషమే.

పర్లాకిమిడి_పాఠకురాలు

విలుకాడు గారూ, ఓటు మంచిదే, కాని ఓటు వేసేవాళ్లందరూ ఒకే దానికోసం ఆట ఆడరు. ప్రపంచంలో మొదటి మడ్ ఆటను (అక్షరాలతోనే నడిచే, పలువురు కలిసి ఆడే ఆటను) తయారుచేసిన ఇద్దరిలో ఒకరైన రిచర్డ్ బార్టిల్ 1996లోనే ఆటగాళ్లను నాలుగు రకాలుగా చెప్పారు: సాధించేవాళ్లు, అన్వేషించేవాళ్లు, కలిసిమెలిసి ఉండేవాళ్లు, ఎదుటివాడిని పడగొట్టేవాళ్లు. సంఖ్యలో తక్కువగా ఉన్న రకానికి 70 శాతం ఎప్పుడు రావాలి? పీవీపీ ఇష్టపడేవాళ్ల కోరికలు ఓటింగ్‌లో గట్టెక్కడం కష్టమని ఆ ఆట ఆడేవాళ్లే అంటుంటారు.

నేను ఆడే ఆటలో బ్యాలెన్స్‌కు ఎవరి ఓటూ లేదు. అయినా లోర్‌ను వాళ్లు వాడుకున్నంత ధైర్యంగా ఇంకెవరూ వాడుకోలేదని నా అభిప్రాయం. 2010 సెప్టెంబరులో ఫైనల్ ఫాంటసీ పద్నాలుగు మొదటిసారి వచ్చి విఫలమైంది. నిర్మాత నయోకి యోషిదా బాధ్యత తీసుకొని, ఆటను మొదటి నుంచి మళ్లీ కట్టాలని నిర్ణయించారు. పాత ఆటను ఊరికే మూసివేయవచ్చు. వాళ్లు అలా చేయలేదు. ఆకాశంలో దలముద్ అనే చంద్రుడు ప్యాచ్ ప్యాచ్‌కూ పెద్దదవుతూ వచ్చింది. 2012 నవంబరులో సర్వర్లు ఆగిపోయే రాత్రి ఆ చంద్రుడు పగిలి, లోపలి నుంచి బాహముత్ అనే డ్రాగన్ బయటపడి ప్రపంచాన్ని తగలబెట్టింది. 2013 ఆగస్టులో వచ్చిన కొత్త ఆట ఆ ప్రళయం జరిగిన అయిదేళ్ల తరువాతి కథ. పాత ఆటలోని ప్రతి లోపాన్నీ, మారిన ప్రతి నియమాన్నీ ఒకే ఒక్క సంఘటన మింగేసింది.

అదే ఆటలో నాకు నచ్చనిదీ ఉంది. బ్లాక్ మేజ్ విద్య నిషిద్ధమని కథ చెబుతుంది. పూర్వం తెల్లమంత్రం వాళ్లూ నల్లమంత్రం వాళ్లూ చేసుకున్న యుద్ధం వల్ల లోకాన్ని జలప్రళయం ముంచెత్తిందని చెబుతుంది. బయట చూస్తే మార్కెట్ దగ్గర నల్ల అంగీలవాళ్లు గుంపులుగా నిలబడి ఉంటారు, ఒక్క కాపలావాడు కూడా కన్నెత్తి చూడడు. అంకెల బ్యాలెన్స్‌కు దీనితో సంబంధం లేదు, కనుక ఎవరూ ఫిర్యాదు చేయరు. కాపలావాడి నోట రెండు మాటలు పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది? షరతులు కథలోంచి తీయాలన్న మాంత్రికుడు గారి మాట ఇక్కడ నాకు అక్షరాలా సరిపోయింది.

బరంపురం_వేషధారి

కవచం గారు చెప్పిన పాలడిన్ సంగతి నా వాదంలో బలహీనమైన చోటే తగిలింది. దానికి జవాబు ఇదీ: నేను లోర్ తగ్గకూడదన్నది క్లాస్ చేసే పని గురించి. ఆ పనిని చేయనివ్వని అంకెలు ఉంటే వాటిని మార్చాలి, వెంటనే మార్చాలి. సుత్తివాడికి సుత్తి ఆడేంత బలం ఇవ్వడం లోర్‌కు చేసే సేవే. నాకు అభ్యంతరమల్లా, సుత్తివాడినీ విలుకాడినీ మంత్రగాడినీ సమం చేయడానికి ముగ్గురి చేతా ఒకే రకం దెబ్బను వేర్వేరు రంగుల్లో కొట్టించడం. దెబ్బ రంగు ఎరుపో నీలమో తప్ప నొక్కే మీటలూ, ఆగే క్షణాలూ, భయపడే సమయాలూ అన్నీ ఒకటే అయితే మూడు క్లాసులు ఎందుకు?

పీవీపీ, పీవీఈ (ఆట నడిపే శత్రువులతో పోరు) తగువుకు గిల్డ్ వార్స్ రెండు చూపిన మార్గం నాకు నచ్చుతుంది. ఒకే నైపుణ్యానికి రెండు చోట్లా వేర్వేరు అంకెలు ఉంచుతారు. అరీనాలో ఒకడికి ఎక్కువైందని రెయిడ్‌లో ఉన్నవాడిని శిక్షించరు. పని ఒకటే, స్వభావం ఒకటే, తూకం మాత్రం చోటును బట్టి మారుతుంది.

కిన్వట్_కొత్తచేరిక (కిన్వట్, నాందేడ్ జిల్లా)

అన్నలకూ అక్కలకూ నమస్కారం. చర్చ మొత్తం చదివాను. నేను ఇప్పటిదాకా ఫోన్‌లో మొబైల్ లెజెండ్స్ ఆడేవాడిని, 2020 జూన్‌లో ప్రభుత్వం నిషేధించిన యాప్‌లలో అది కూడా పోయింది. ఇప్పుడు పాత కంప్యూటర్ ఒకటి దొరికింది. సాయంత్రాలు కరెంటు పోతూ వస్తూ ఉంటుంది, నెట్ మొబైల్ హాట్‌స్పాట్ నుంచే. ఈ స్థితిలో నేను ఏ క్లాస్ ఎన్నుకుంటే తోటివాళ్లకు భారం కాకుండా ఉంటాను?

సిరొంచ_గోదావరి

తమ్ముడూ, ఎదుటివాడి మంత్రాన్ని మధ్యలో ఆపడమే ముఖ్యమైన పనిగా ఉన్న క్లాస్‌ను ఇప్పుడే తీసుకోవద్దు. ఒకటిన్నర సెకన్ల మంత్రాన్ని నువ్వు చూసి, నొక్కి, ఆ నొక్కు సర్వర్‌కు చేరేలోగా అది పూర్తయిపోతుంది. తప్పు నీది కాకపోయినా మాట నీకే పడుతుంది.

గుణుపురం_వైద్యుడు

కరెంటు పోయే చోట ట్యాంక్, హీలర్ రెండూ మొదట్లో వద్దు. డ్యామేజీ ఇచ్చే నలుగురిలో ఒకడు మాయమైతే గ్రూపు నెట్టుకొస్తుంది, హీలర్ మాయమైతే అందరూ పడిపోతారు. ఒక చిన్న ఇన్వర్టర్ సమకూరిన రోజున నువ్వు మాతో వైద్యంలోకి రా.

ఫైనల్ ఫాంటసీ పద్నాలుగులో రెండు దెబ్బల మధ్య రెండున్నర సెకన్ల వ్యవధి ఉంటుంది, వార్‌క్రాఫ్ట్‌లో అది ఒకటిన్నర. నెమ్మదైన నెట్‌కు మొదటిది కొంచెం దయ చూపిస్తుంది. అయితే ఆ వ్యవధిలో రెండు అదనపు నైపుణ్యాలు దూర్చవలసిన క్లాసులు కొన్ని ఉన్నాయి. పింగ్ ఎక్కువైతే రెండోది ఇమడక తర్వాతి దెబ్బను వెనక్కి తోస్తుంది. అందుకని తొందరగా మీటలు నొక్కే క్లాసుల కంటే పెద్ద మంత్రాలు నిదానంగా చదివే క్లాస్ నీకు నయం.

జయపురం_మాంత్రికుడు

అంటే మేజ్ అన్నమాట. స్వాగతం తమ్ముడూ. మొదటి మంత్రం ఎక్కడ నిలబడి చదవాలో నేర్చుకోవడంతో మొదలుపెట్టు, కదలకుండా ఎంతసేపు చదవగలిగితే అంత బలం.

ధర్మాబాద్_కవచం

కిన్వట్ మా జిల్లాయే. శని, ఆదివారాల్లో రాత్రి తొమ్మిది తరువాత మా గ్రూపులో చోటు ఉంటుంది. మేజ్‌గానే రా. ఈ ప్యాచ్‌లో మేజ్ బలమా కాదా అని ఎవరూ అడగరు, ఆ పూచీ నాది. మధ్యలో కరెంటు పోతే తిరిగి వచ్చేదాకా తరువాతి బాస్‌ను మొదలుపెట్టం.